దోమతెరలో నేను, గడ్డిలో ఉల్లంకి

నేను పనిచేసిన ఓడల ఏజెంటు ఆఫీసు మూతపడిన రోజున మా యజమాని అందరికీ తలా ఒక వస్తువు పంచిపెట్టాడు. ఆయన పైదేశం మనిషి, బర్మా వదిలి సామాను సర్దుకుని వెళ్లిపోతున్నాడు. డ్రైవరుకి ఫ్రిజ్ వచ్చింది. ఊడ్చే ఆవిడకి సోఫా వచ్చింది. లెక్కలు రాసే అతనికి ఏసీ వచ్చింది, దాన్ని నడపడానికి వాళ్ల వీధిలో కరెంటు ఉండదు గానీ. నేను ఆ పూట బ్యాంకులో ఇరుక్కుపోయి అందరికంటే ఆఖర్న వచ్చాను. అప్పటికి బల్ల మీద ఒక నల్ల సంచీ మాత్రం మిగిలింది. అందులో ఒక కెమెరా, దానికి తగిలించే లెన్సూ ఉన్నాయి. లెన్సంటే నా మోచేతి నుంచి వేళ్ల కొసల దాకా ఉంది. బరువు చంటిపిల్లంత.

"ఇదేటిది, ఫిరంగిలాగున్నాది?" అన్నారు మా ఆయన.

మా ఆయనకి పబేడాన్‌లో గుండీలు, జిప్పులు, లేసులు అమ్మే కొట్టుంది. ఆ వీధిలో రోజంతా అరిస్తే తప్ప బేరం తగలదు. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. భోజనం దగ్గర ఉప్పు అందుకోమన్నా పక్క మేడవాళ్లు తలుపు తీసి చూస్తారు.

ఆ లెన్సుతో దగ్గరగా ఉన్నది ఏదీ తీయలేం. మా ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి తీద్దామని చూస్తే చెవి ఒకటే వచ్చింది, అదీ మసగ్గా. మాండలేలో ఉన్న మా అమ్మాయికి ఫోన్ చేసి అడిగాను.

"అది బర్డ్స్‌కి అమ్మా. మనుషులకి కాదు. ఫార్‌లో ఉన్నవాటికి" అంది.

మనుషులకి పనికిరానిదేదో నా వాటాకి వచ్చిందని అర్థమైంది. సరే, పిట్టలనే తీద్దామనుకున్నాను. ఉద్యోగం పోయిన మనిషికి ఏదో ఒక పని కావాలి. వంట మీదా గిన్నెల మీదా నా శ్రద్ధ పెరిగిపోవడం చూసి మా ఆయనే భయపడుతున్నారు.

మాది పజుండౌంగ్‌లో నాలుగో అంతస్తు. ఎదురు మేడ పైకప్పు మీద పొద్దున్నే చిలకలు వాలతాయి. ఒకరోజు బాల్కనీలో నిలబడి లెన్సు అటు తిప్పాను. చిలకలు కదల్లేదు. వాటి కింది అంతస్తులో బట్టలారేస్తున్నావిడ మాత్రం తడి బట్టలు అలాగే వదిలేసి లోపలికి వెళ్లి తలుపేసుకుంది. దాని కింది అంతస్తులో కిటికీ మూసుకుంది. దాని పక్కది కూడా. తుపాకుల రాజ్యం నడుస్తున్న ఈ కాలంలో మా ఊళ్లో పొడుగాటి గొట్టాన్ని ఎవరి వైపు తిప్పినా వాళ్లు రెండో ఆలోచన లేకుండా తప్పుకుంటారు. వాళ్లనేమీ అనలేం, నేనైనా అంతే చేస్తాను. సాయంత్రానికి వార్డు ఆఫీసు నుంచి ఒక పెద్దమనిషి వచ్చి, మర్యాదగా టీ తాగి, "అమ్మా, మీకు ఆరోగ్యం బాగానే ఉందా?" అని అడిగి వెళ్లిపోయాడు. లెన్సు మాట ఎత్తలేదు. ఎత్తకపోవడమే ఎత్తడం.

కాబట్టి ఊళ్లో పిట్టలు వద్దు, ఊరవతల పిట్టలే మేలని తేల్చుకున్నాను. మా బజారుకి ఆకుకూరలు తెచ్చే ఆవిడ నది అవతల దలా నుంచి వస్తుంది. "మా వైపు పిట్టలకేం కొదవ? విత్తనాలు చల్లితే మొలకల కంటే అవే ముందొస్తాయి" అంది. కొట్టు సెలవు రోజున పొద్దున్నే మొదటి లాంచీ ఎక్కి నది దాటాం. "దాటాం" అంటున్నాను, ఎందుకంటే మా ఆయన నన్ను ఒంటరిగా పంపలేదు.

"బురదలో ఏ పామో కరిస్తే ఎవులు సూస్తారు? నానూ వొస్తాను" అన్నారు.

"మీరొస్తే పిట్టలు నది దాటి ఇటొచ్చేస్తాయి. మాట్లాడకూడదు మరి."

"నాను మాటాడతానేటి? నోరు మూసుకునే ఉంటాను." ఈ మాట లాంచీలో సగం మందికి వినిపించింది, కొందరు మెచ్చుకోలుగా తల ఊపారు.

దలా రేవు నుంచి మూడు చక్రాల బండిలో కొంత దూరం పోతే, రోడ్డు పక్కన ఒక టీ కొట్టు. దాని వెనక గట్టు, గట్టు అవతల పొలాలు. పొలాలన్నిటికీ కిందుగా ఒక పల్లం ఉంది. ఏడాది పొడుగునా నీళ్లు నిలబడి, మనిషి నడుమెత్తు తుంగ, దాని మధ్యలో జమ్ము, అంచుల్లో గుర్రపుడెక్క. వరి వేస్తే కుళ్లిపోతుంది, చేపలు పెంచితే వరదకి కొట్టుకుపోతాయి. మనుషులకి ఏ విధంగానూ పనికిరాని చోటు. మా లెన్సుకి సరిజోడు.

మూడో నాలుగో వారానికి అక్కడ నాకు ఉల్లంకి కనిపించింది. మా అమ్మ నీళ్లలో ముక్కుపెట్టి పొడిచే పొడుగుముక్కు పిట్టలన్నిటినీ ఉల్లంకులనే అనేది, నాకూ అదే పేరు అలవాటు. ఇందులో రంగులది ఒక జాతి ఉంది. కంటి చుట్టూ సున్నంతో కళ్లజోడు గీసినట్టు తెల్లటి పట్టీ, భుజం మీదుగా జంధ్యంలాంటి తెల్లటి చార. మెడా రొమ్మూ పండిన చింతపండు రంగు. ఇంత అందమూ ఆడదానిదే. మగది మట్టి రంగు, ఒంటి మీద ఎండుగడ్డి చుక్కలు. ఆడది గుడ్లు పెట్టేసి తన దారిన తను పోతుంది. పొదగడం, పిల్లల్ని తిప్పడం, వాటికి మేత చూపించడం అంతా మగదాని పనే. మా అమ్మాయి ఫోన్లో చదివి చెప్పినప్పుడు నేను, "మంచి జాతి" అన్నాను. "మగోడ్ని సూస్తే జాలేస్తంది" అన్నారు మా ఆయన.

సిగ్గంటే దానిదే సిగ్గు. చీకటి విడుతుండగా ఒక్కసారి గడ్డి అంచుకి వస్తుంది, రెండు పొడుపులు పొడుస్తుంది, అంతే. మనిషి నీడ పడిందా, ఎక్కడిదక్కడ బిగుసుకుపోతుంది. మన కళ్ల ముందే ఉంటుంది, కానీ అది పిట్టో మట్టిబెడ్డో తెలియదు. మనం రెప్ప వేసి తెరిచేలోగా బెడ్డ మాయం.

దానికి కనబడకుండా ఉండటానికి పాత దోమతెరకి ఆకుపచ్చ రంగు అద్ది, మా ఆయన కొట్టులోని పాత లేసులు ఆకుల్లా కత్తిరించి కుట్టాను. నాలుగు వెదురు కర్రలు పాతి, గట్టు వారన దాన్ని కట్టి, లోపల చిన్న పీట మీద కూర్చునేదాన్ని. లెన్సు మూతి మాత్రం బయటికి. బ్యాటరీకి కరెంటు ఎప్పుడు వస్తే అప్పుడు ఛార్జి పెట్టుకోవాలి కాబట్టి, ముందురోజు ఇస్త్రీ మానేసైనా అదే పెట్టేదాన్ని. గడ్డిలోంచి పిట్ట ముక్కు ఒక వారం, తోక ఒక వారం, తుంగ పరకల వెనక సగం కన్ను ఇంకో వారం వచ్చాయి. అన్నీ కలిపి అతికిస్తే ఒక ఉల్లంకి అయ్యేది.

మా ఆయన గట్టు మీద ఒక్క గంట కూడా నిలవలేకపోయారు. మాట్లాడకుండా ఉండటం ఆయనకి ఊపిరి బిగబట్టడంతో సమానం. టీ కొట్టుకి మకాం మార్చారు. ఆ కొట్టు నడిపేది ఒక బర్మా ఆవిడ, అందరూ ఆవిణ్ని "అడో" అంటారు, అంటే అత్త అని. అక్కడికి పొద్దున్నే చేరే జనానికి సహజంగానే ఒక సందేహం వచ్చింది. వయసు మళ్లిన ఒక ఆడమనిషి, పట్నం మనిషి, ప్రతివారమూ నది దాటి వచ్చి, బురదలో దోమతెర కట్టుకుని, దోమలు లేని వేళ దాన్లో కూర్చుని, గొట్టంలోంచి పల్లం వైపు చూస్తుంది. ఎందుకు?

మా ఆయన వాళ్లతో అన్నది రెండే మాటలట. "ఆఫీసు పని."

మిగతాది టీ కొట్టు పూర్తిచేసింది. నది మీద వంతెన వస్తుందని ఎన్నేళ్లుగానో అనుకుంటున్న చోటు అది. వంతెన వస్తే రోడ్డు వస్తుంది, రోడ్డు వస్తే ఫ్యాక్టరీ వస్తుంది, ఫ్యాక్టరీ వచ్చేముందు ఎవరో ఒకరు వచ్చి భూమిని ఫొటోలు తీసుకుపోతారు. ఆ వచ్చే మనిషి గుట్టుగా వస్తుంది, మామూలు బట్టల్లో వస్తుంది. తెర వెనక కూర్చుంటుంది. నేను చేస్తున్నదంతా వాళ్లు అనుకున్నదానికి అతికినట్టు సరిపోయింది.

ఇవేవీ నాకు తెలియవు. టీ కొట్టువాళ్లు నన్ను "సయామ" అని, అంటే పంతులమ్మా అని పిలుస్తూ లేచి నిలబడుతుంటే, దలా మనుషులు ఎంత మర్యాదస్తులో అనుకున్నాను.

ఆ పల్లం ఆసామి మా తెలుగువాడే. అతని తాత శ్రీకాకుళం వైపు నుంచి రేవులో మూటలు మోయడానికి వచ్చి, మోసి మోసి విసిగి, నది దాటి పొలం పట్టాడట. ఇతనికి తెలుగు చదవడం రాదు గానీ, మా ఇళ్లలో ముసలమ్మలతో పోయిన మాటలు అతని నోట్లో ఇంకా ఉన్నాయి. మా ఆయన అతన్ని కనిపెట్టి, "మనోడే! మనోడే!" అని టీ కొట్టు దద్దరిల్లేలా అరిచారు. అప్పటికప్పుడే ఆయన "బావ" అయ్యారు, నేను "అప్ప"నయ్యాను. అప్ప అంటే మా వాళ్లలో అక్క.

ఒకరోజు పొద్దున్న తెర పక్కన ఎవరో చతికిలబడిన చప్పుడైంది. సరిగ్గా అప్పుడే తుంగ అంచున మట్టిరంగు మెడ ఒకటి కదులుతోంది. మగ ఉల్లంకి. మెడ చాచి, ముడిచి, మళ్లీ చాచి, బయటికి రావాలా వద్దా అని చూస్తోంది.

"అప్పా" అని గుసగుసలాడాడు ఆసామి. "ఏటైనా కనిపిస్తందా?"

"ఉష్. మాట్లాడకు తమ్ముడూ. వెళ్లిపోతుంది."

"వొచ్చీసినాదా?"

"ఇన్నాళ్లకి వచ్చింది. ఇప్పుడు బెదిరితే మళ్లీ రాదు."

అతను ఊపిరి బిగబట్టాడు. అతను పిట్ట గురించే అడుగుతున్నాడని నేను అనుకున్నాను. అక్కడ అడగడానికి ఇంకేముంది? అతను మాత్రం భూమి కొనే పెద్ద పార్టీ గురించి అడుగుతున్నాడు.

"మన పల్లం నచ్చినాదేటప్పా?"

"నచ్చబట్టే కదా ఇక్కడుంది. చుట్టుపక్కల ఇంత పొలం ఉన్నా ఎక్కడా ఆగలేదు, ఇక్కడే ఆగింది."

అతను నాకింకా దగ్గరికి జరిగాడు. తర్వాత గొంతు ఇంకా తగ్గించి అడిగాడు. "పోటోలో బాగా పడతందా?"

"ఎక్కడ పడుతుంది? ఈ గడ్డి అడ్డమొస్తోంది. గడ్డే లేకపోతే ఎంత బాగుండును!"

పిట్టల ఫొటోలు తీసే ప్రతివాళ్లూ ఈ మాట మనసులో అనుకుంటూనే ఉంటారు. పొలం ఆసామితో పైకి అన్నది బహుశా నేనొక్కదాన్నే. అతను రెండు చేతులూ జోడించి దండం పెట్టి, వంగి వంగి, చప్పుడు కాకుండా వెళ్లిపోయాడు. పిట్టల పట్ల ఇంత గౌరవమున్న రైతుని చూడలేదని మా ఆయనతో చెప్పుకున్నాను కూడా.

ఆ తర్వాత నాకు జలుబు పట్టి, ఆపైన కొట్టులో సరుకు దిగి, కొన్ని వారాలు నది దాటలేకపోయాం. మళ్లీ వెళ్లిన పొద్దున, టీ కొట్టు దగ్గర బండి దిగేసరికి ఆసామి తెల్ల చొక్కా, గళ్ల లుంగీతో నిలబడి ఉన్నాడు. పక్కన అతని భార్య, తలలో పూలు. ముఖాన తనాకా గంధం నున్నగా పూసుకుంది, పెళ్లికొచ్చినట్టు.

"రా అప్పా, బేగి రా" అన్నాడు.

గట్టెక్కి చూశాను. పల్లం లేదు. అంటే ఉంది, దాని ఒంటి మీద ఒక్క పరక లేదు. తిరుపతి వెళ్లొచ్చిన తలలా నున్నగా ఉంది. తుంగ కోసి కుప్పలు వేశారు, జమ్ము పీకి గట్టున పారేశారు, గుర్రపుడెక్క లాగి ఎండబెట్టారు. నాలుగు మూలలా వెదురు కర్రలకి ఎర్ర గుడ్డలు కట్టారు. నేను కూర్చునే చోట నా పీట స్థానంలో ఒక కుర్చీ, కుర్చీ మీద దిండు, పక్కన చిన్న బల్ల మీద కొబ్బరిబొండాం.

"ఇప్పుడు బాగా కనిపిస్తంది కాదేటప్పా? మనుసుల్ని పెట్టి కోయించినాను. నువ్వు సెప్పినావు కదా, గడ్డి అడ్డమొస్తందని."

కుర్చీలో కూలబడ్డాను. ఎంత ఆదరంగా వేశాడో, ఎంత మెత్తటి దిండు! ఆ బోడి బురద వైపే చూస్తూ కూర్చున్నాను. వాళ్లు దాన్ని నా తృప్తి అనుకున్నారు. ఆసామి భార్య బొండాం చేతికిచ్చింది. మా ఆయన గట్టెక్కి వచ్చి, "అబ్బో, ఏం కోయించినావు తమ్ముడా!" అని నది అవతలికి వినబడేలా మెచ్చుకున్నారు.

అంతలో కాలువ వార కంటికి ఏదో తగిలింది. కోసేవాళ్ల కొడవళ్లు మొద్దుబారాయో, పొద్దే గూకిందో, ఆ మూల మంచమంత తుంగ ముక్క కోయకుండా మిగిలింది. దాని మొదట్లో బెడ్డ ఒకటి కదిలింది.

లెన్సు తీశాను. మగ ఉల్లంకి. దాని వెనక నాలుగు పిల్లలు, ఒక్కొక్కటీ కుంకుడుకాయకి కాళ్లు మొలిచినట్టు, వీపు మీద చారలతో. ఆ ముక్క గడ్డిలో వాటికి మేత అయిపోయినట్టుంది. పక్క రైతు పొలంలో తుంగ ఇంకా పచ్చగానే ఉంది. అక్కడికి చేరాలంటే ఈ నున్నటి బురదంతా దాటాలి, ఎండలో, ఆకాశం కింద, ఎవరి కంటా పడకుండా బతకడం తప్ప ఇంకేమీ నేర్వని పిట్ట.

బయల్దేరింది. వెనక భాగం పైకీ కిందికీ ఊపుకుంటూ నాలుగడుగులు వేసింది. నా వెనక మా ఆయన, "తమ్ముడా, అదేటి?" అని అరిచారు. పిట్ట బిగుసుకుపోయింది. పిల్లలు బురదకి కరుచుకుపోయాయి. నేను మీట నొక్కాను. ఆసామి, "ఏది బావా?" అని అరిచాడు. మళ్లీ బిగుసుకుపోయింది. మళ్లీ నొక్కాను. వాళ్లు అరిచినప్పుడల్లా అది ఆగేది, ఆగినప్పుడల్లా స్టూడియోలో కూర్చోబెట్టినంత స్పష్టంగా లెన్సులోకి వచ్చేది. కంటి చుట్టూ పట్టీ, రెక్క మీద గోధుమరంగు చుక్కలు, తండ్రి కాళ్ల సందులోంచి తల పెట్టి చూసే పిల్ల. అడ్డం ఒక్క గడ్డిపరక లేదు.

నాకు సంతోషం వేసింది, ఆ మాట ముందు చెప్పాలి. అవి అవతలి తుంగలోకి దూరి కనబడకుండా పోయాకే ఏడుపు వచ్చింది.

"ఏటైంది అప్పా?" ఆసామి కంగారుపడ్డాడు. "పార్టీకి నచ్చనేదా?"

"ఏ పార్టీ?"

అప్పుడు బయటపడింది అంతా. వంతెన, ఫ్యాక్టరీ, గుట్టుగా వచ్చే ఆఫీసు మనిషి. నేను కెమెరా వెనకున్న బుల్లి తెర మీద ఇప్పుడు తీసిన బొమ్మ చూపించాను. అతను వంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

"పిట్టా?"

"పిట్టే."

"పిట్ట కోసమా నాను గడ్డి కోయించినాను?" అని మా ఆయన వైపు తిరిగాడు. "బావా, ఆపీసు పనన్నావు."

మా ఆయన జీవితంలో మొదటిసారి గొంతు తగ్గించి మాట్లాడటం విన్నాను. "ఆపీసు మూసీసారు కదా తమ్ముడా. ఇప్పుడు దానికి ఇదే ఆపీసు."

ఆసామి ముఖం చూడలేకపోయాను. తెల్ల చొక్కా వేసుకుని, కూలీలని పెట్టి, భార్యకి పూలు కొని తెచ్చిన మనిషి. ముందు నవ్వింది అతని భార్య. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. "నాను ముందే సెప్పినాను ఈయనకి. దోమతెరలో కూకునే ఆపీసరు ఎక్కడైనా ఉంటాదా అని. ఇన్నాడా!" అంటూ గట్టు మీద కూలబడి నవ్వింది. టీ కొట్టులోంచి అడో వచ్చింది, విషయం విని ఆవిడా నవ్వింది. ఆసామి మాత్రం కుర్చీ మీది దిండు తీసుకుని, దులిపి, చంకలో పెట్టుకుని ఇంటికి వెళ్లిపోయాడు.

తిరుగు లాంచీలో మా ఆయనతో గొడవపడ్డాను. మామూలుగా ఆయన అరుస్తారు, నేను వింటాను. ఆ రోజు అటుదిటు అయింది.

"పిట్టలకి ఫొటోలు తీస్తుందని చెప్పడానికి మీకేమైంది? అంత నామోషీ అయిందా?"

"సెప్పినాను. మొదటి రోజు అదే సెప్పినాను. ఒక్కడూ నమ్మనేదు. ఈ వయసులో పిట్టలేటి, మాకు సెప్పకూడదా, పరాయోళ్లమా అన్నారు. ఆపీసు పనని సెప్పినాను, నమ్మీసినారు. నన్నేటి సెయ్యమంటావు?"

నేను సంచీ ఒళ్లోకి లాక్కుని నది వైపు తిరిగి కూర్చున్నాను.

ఆ బొమ్మని మా అమ్మాయి పిట్టలవాళ్లు ముచ్చట్లాడుకునే ఏదో గుంపులో ఫోన్లో పెట్టింది. నాకు ముక్కూ మొహం తెలియని వాళ్లంతా మెచ్చుకున్నారు. ఇంత సిగ్గరి పిట్ట పట్టపగలు, పిల్లలతో, ఆరుబయట! ఎన్నాళ్లు కదలకుండా కూర్చుంటే దక్కింది ఈ భాగ్యం! ఒక పెద్దాయన అయితే, పిట్టనీ దాని పరిసరాలనీ ఇసుమంత కూడా కలతపెట్టకుండా తీయడమంటే ఇదీ, కుర్రకారు నేర్చుకోవాలి అని రాశాడు. మా అమ్మాయి ఆ మాటలు ఫోన్లో చదివి వినిపిస్తుంటే మా ఆయన గర్వంగా మీసం దువ్వుకున్నారు. ఆ పెద్దాయనకి నిజం రాయమని మా అమ్మాయితో అన్నాను. "ఇట్స్ ఓకే అమ్మా, ఎవరికి తెలుసు?" అంది. నేనూ పట్టుబట్టలేదు.

ఆసామికి మాత్రం ఏదో ఒకటి ఇచ్చుకోవాలనిపించింది. ఫొటో పెద్దది చేయించి, అద్దం కట్టించి, అట్టపెట్టెలో పెట్టుకుని నది దాటాను. ఊరికే తీసుకుంటాడో విసిరికొడతాడో అనుకున్నాను. అతను టీ కొట్టు బల్ల మీద పెట్టుకుని, అద్దాన్ని లుంగీ చెంగుతో తుడిచి, తల అటూ ఇటూ వంచి చూశాడు.

"పిట్ట బాగుంది" అన్నాడు చివరికి. "నా పల్లమేదప్పా?"

పొడుగు లెన్సు గుణం అది. దేని మీద గురి పెడితే అదొక్కటే తేటగా ఉంటుంది, వెనకున్నదంతా కరిగిపోతుంది. అతని తాత తండ్రుల కష్టం, అతను పెట్టిన కూలి, నాలుగు మూలల ఎర్ర గుడ్డలు, అన్నీ కలిసి పిట్ట వెనక మట్టిరంగు మీగడలా ఉన్నాయి.

"ఇదిగో, ఇదంతా మీ పల్లమే."

"ఇదా?" అని వేలితో రుద్ది చూశాడు, అద్దానికి తడి అంటిందేమో అని. "దీన్ని సూసి ఎవులైనా కొంటారేటి?"

అప్పుడు నాకు నవ్వొచ్చింది, అతనికీ వచ్చింది. అక్కడితో ఆ ముల్లు తీసినట్టయింది. ఫొటో మాత్రం టీ కొట్టులోనే వేలాడదీశాడు. అడో దాని పక్కన రోజూ రెండు పూలు పెడుతుంది, ఎందుకో ఆవిడకీ తెలియదు.

భూమి కొనే పార్టీ ఎవరూ రాలేదు. వానలు పడ్డాయి. పనికిరాని చోటుకి ఉన్న ఒకే ఒక్క సుగుణం ఏమిటంటే, దాన్ని ఎవరూ పట్టించుకోకపోతే తన పని తను చేసుకుపోతుంది. తుంగ మళ్లీ మొలిచింది, మోకాలెత్తు వచ్చింది. ఆసామి ఈసారి కొడవలి ముట్టలేదు. అతని బుర్రలో ఇంకో ఆలోచన పుట్టింది. ఫొటో చూసి ఊళ్లో ఇద్దరు ముగ్గురు, ఈ పిట్ట కోసం పట్నం నుంచి జనం వస్తారట కదా అన్నారట. గట్టు మీద రేకుల పాక వేశాడు. వరసగా కుర్చీలు. టీ కొట్టు నుంచి పాక దాకా ఇటుకలు పరిచిన దారి. వచ్చినవాళ్లకి విసుగు పుట్టకుండా పాటలు పెట్టడానికి ఒక స్పీకరు కూడా.

"పాటలు పెడితే పిట్ట రాదు తమ్ముడూ" అన్నాను.

"అలాగేటి?" అని ఆలోచించాడు. "అందుకే అప్పా, ఇంకో ఏర్పాటు కూడా సేసినాను."

పాక ముందు నీళ్లలో రెండు తెల్లటి బాతులు ఈదుతున్నాయి, సంతలో కొన్నవి. "ఇవి బెదరవు. ఎంతసేపైనా తీసుకో" అన్నాడు.

అతని సంతోషం కోసం లెన్సు తగిలించాను. బాతులు నా కాళ్ల దగ్గరికే వచ్చేశాయి, తిండి పెడతానని. ఈ లెన్సుకి అంత దగ్గరివి పట్టవు. నేను వెనక్కి నడిచాను, అవీ వెంట నడిచాయి. ఇంకా వెనక్కి వెళ్లాను. చివరికి మా ఆయన ఫోన్ అడిగి తీసుకుని, దాంతో తీశాను. బాతులు, పల్లం, పాక, పాక ముందు చేతులు కట్టుకుని ఆసామి, అన్నీ తేటగా పడ్డాయి. అతను ఆ ఫొటో చూసి, "ఇదీ పోటో అంటే" అన్నాడు. నిజానికి నేను కూడా కాదనలేకపోయాను.

పొద్దు వాలుతుంటే నలుగురం పాకలో కూర్చుని టీ తాగుతున్నాం. స్పీకరు ఆగింది, కరెంటు పోయింది కాబట్టి. అప్పుడు పల్లం లోపలి నుంచి, ఖాళీ సీసా మూతి మీద ఎవరో మెల్లగా ఊదినట్టు ఒక చప్పుడు వచ్చింది. ఆగి, మళ్లీ. ఆడ ఉల్లంకి కూత అది. మగదాన్ని పిలుస్తోంది. ఇన్నాళ్లూ చదవడమే గానీ చెవులారా వినడం అదే మొదలు.

"ఏటదీ?" అన్నాడు ఆసామి, చెవి అటు తిప్పి.

"ఎవులో సీసా ఊదుతున్నారు" అన్నారు మా ఆయన.

ఆసామి భార్య నా ముఖం వంక చూసింది. సంచీ నా ఒళ్లోనే ఉంది, లెన్సు అందులోనే ఉంది. వెలుతురు కూడా ఇంకా కాస్త ఉంది. చప్పుడు తుంగ మధ్యలోంచి, నేను లేచి నాలుగడుగులు వేస్తే కనబడేంత దూరం నుంచే వస్తోంది.

"ఎవరో పిల్లలై ఉంటారు" అన్నాను. ఇంకో టీ పొయ్యమని, కెటిలుతో పాక దాకా వచ్చిన అడోకి గ్లాసు చూపించాను.